ప్రయోగమైతే పైసలెందుకు?

మా అన్నయ్య మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి కాకినాడ రేవుకు బియ్యం తోలేవాడు. సొంత బండి, పది టైర్లది. ఇరవై ఏళ్లకు పైగా ఆ సీటు మీదే గడిపాడు. రోడ్డు మీది ప్రతి గతుకూ సీటులోంచి వెన్నులోకి దిగేది. 2021 చివర్లో నొప్పి నడుము దాటి ఎడమ తొడ వెంట పిక్క దాకా పాకింది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ పళ్లు బిగపట్టేవాడు.

"చెల్లె, కూసుంటే నొస్తది, లేస్తే నొస్తది, పండుకున్నా నొస్తది. ఇంకెట్ల ఉండాలె నేను?" అన్నాడొక రాత్రి ఫోనులో. నొప్పి గురించి ఎన్నడూ నోరు తెరవని మనిషి.

ఎమ్మారై తీయించాం. ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బి నరాన్ని తాకుతోందని, డిస్కులు క్షీణించాయని రిపోర్టులో రాశారు. ఊళ్లో దాన్ని అందరూ ఒకే మాటతో చెప్పుకున్నారు: "గుజ్జు అయిపోయింది." ఆ మాట విన్నాక అన్నయ్య నడకే మారిపోయింది. వంగడం మానేశాడు, మనవణ్ని ఎత్తుకోవడం మానేశాడు. కొంతకాలం విశ్రాంతి, మందులు, వ్యాయామం చూద్దామని, ఆపరేషన్ అవసరం ఇప్పటికి లేదని మొదట చూసిన ఎముకల డాక్టరు చెప్పాడు. ఫైనాన్సు కిస్తీ నెలనెలా రూ.38,000 కట్టాల్సిన మనిషికి "కొంతకాలం" అనే మాట భరించడం కష్టం.

అప్పుడే తోటి లారీ ఓనరొకాయన ఫోనులో ఒక వీడియో చూపించాడు. కోత లేదు, కుట్టు లేదు, మీ ఒంట్లోని మూలకణాలతోనే అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది అని అందులో చెబుతున్నారు. హైదరాబాదులో క్లినిక్. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి అన్నయ్య నన్ను వెంట రమ్మన్నాడు.

డాక్టరు కంటే ముందు మమ్మల్ని ఒక కౌన్సిలర్ కూర్చోబెట్టి మాట్లాడింది. చిన్నపిల్ల, మర్యాదగా మాట్లాడింది. "అంకుల్, మీరేం భయపడకండి" అంటూ ధరల కాగితం ముందు పెట్టింది. ఒక డోసుకు రూ.1,90,000. రెండు డోసులకు రూ.3,40,000. ఆ వారంలో అడ్వాన్సు కడితే పది శాతం తగ్గింపు. రక్తపరీక్షలు, కొత్త ఎమ్మారై, నడుము బెల్టు, మందులు వేరే.

"ఇప్పటిదాకా ఎంతమందికి చేశారు? ఏడాది తర్వాత వాళ్లలో ఎంతమందికి తగ్గింది? రాసిపెట్టిన లెక్క ఉంటే చూపించమ్మా" అని అడిగాను. ఆ అమ్మాయి ట్యాబ్ తీసి, నయమైందని చెబుతున్నవాళ్ల వీడియోలు చూపించింది. అదే ప్రశ్న డాక్టరునూ అడిగాను. "మీ అన్నయ్యగారి కణాలే ఆయనకు వేస్తున్నాం మేడమ్. సొంత కణాలతో నష్టమేముంటుంది?" అన్నాడు. నేను అడిగింది నష్టం గురించి కాదు, ఫలితం గురించి. దానికి జవాబు రాలేదు.

తిరుగు ప్రయాణంలో నా అనుమానాలన్నీ అన్నయ్యకు చెప్పాను. విన్నాడు. వదిన మాత్రం, "బండి పోతే పోయింది, మనిషి నిలబడాలె" అని గాజులు తీసి ఇచ్చింది. వాటి మీద కొంత వచ్చింది. మిగిలిన లక్షన్నర నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి తెచ్చారు. అంటే వడ్డీయే నెలకు మూడు వేలు.

చికిత్స రోజున అన్నయ్యను బోర్లా పడుకోబెట్టి, తుంటి ఎముక వెనుక భాగం నుంచి మూలుగ తీశారు. తలుపు అద్దంలోంచి చూశాను. లావుపాటి సూది ఎముకలోకి దిగుతుంటే మంచం అంచు పట్టుకున్న అతని వేళ్లు తెల్లబడ్డాయి. తీసిన మూలుగను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చిక్కబరిచారు. సీ-ఆర్మ్ ఎక్స్‌రే చూస్తూ దాన్ని డిస్కులోకి ఎక్కించారు. సాయంత్రానికి డిశ్చార్జి. మూలుగలో నిజమైన మెసెంకైమల్ మూలకణాలు లక్ష కణాలకు పదికి మించవని నేను చదివాను. మిగతావి చాలావరకు రక్తకణాలు, వాటి పూర్వకణాలు. డిస్కులోకి వెళ్లిన ఆ ద్రవంలో మూలకణాలు ఎన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

బిల్లు నా చేతికిచ్చారు. పైనుంచి కిందిదాకా చదివాను. ప్రొసీజర్ ఛార్జీలు, థియేటర్ ఛార్జీలు, వినియోగ వస్తువులు. దేనికోసం రూ.1,71,000 కట్టామో ఆ మూలకణాల పేరు అందులో ఎక్కడా లేదు. అడిగితే, "మా ఫార్మాట్ అంతే మేడమ్" అన్నారు.

మొదటి రెండు నెలలు నొప్పి తగ్గింది. ఇది దాచకుండా చెప్పాలి. ఇంట్లో అందరం సంతోషించాం. అయితే ఆ రెండు నెలలూ అన్నయ్య బండెక్కలేదు. జీతానికి పెట్టుకున్న డ్రైవరు తోలాడు. కాలికి పాకే ఇలాంటి నొప్పి చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. ఉబ్బిన డిస్కు తిరిగి కుంచించుకుపోవడం కూడా మామూలే. మరి తగ్గింది సూది వల్లనా, విశ్రాంతి వల్లనా, కాలం గడవడం వల్లనా? ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే పరిశోధనల్లో కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చి పోల్చిచూస్తారు.

నడుంనొప్పికి అలాంటి పరిశోధన నిజంగానే జరిగింది. మెసోబ్లాస్ట్ అనే ఆస్ట్రేలియా కంపెనీ, డిస్కు క్షీణించి ఎంతోకాలంగా బాధపడుతున్న 404 మంది మీద మూడో దశ ప్రయోగం చేసింది. ల్యాబులో పెంచి, లెక్కపెట్టి, నాణ్యత పరీక్షించిన కణాలవి. 2021లో ఫలితాలు వచ్చాయి. కొందరిలో నొప్పి తగ్గిన సూచనలున్నా, ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని ఆ ప్రయోగం అందుకోలేదు. అందుకని మరో ప్రయోగానికి సిద్ధపడ్డారు. అంత జాగ్రత్తగా తయారైన కణాలకే ఇంకా రుజువు వెతుకుతుంటే, లెక్కపెట్టని మూలుగ ద్రవానికి ధరల కాగితం ఎలా వచ్చింది?

మూడో నెలలో అన్నయ్య మళ్లీ స్టీరింగ్ పట్టాడు. నెల తిరక్కుండా నొప్పి తిరిగొచ్చింది. క్లినిక్‌కు ఫోన్ చేస్తే రెండో డోసు కావాలన్నారు. ఈసారి సొంత కణాలు కాదట, బొడ్డుతాడు నుంచి తీసిన "యంగ్ సెల్స్" అట. రూ.3,60,000. అన్నయ్య భయపడి రూ.25,000 అడ్వాన్సు పంపేశాడు. మిగతా డబ్బు కోసం బండి బేరానికి పెట్టాడు.

ఆ వారమంతా రాత్రుళ్లు కూర్చుని చదివాను. అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఉత్పత్తులు ఎక్కించుకున్న 12 మందికి తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్లు వచ్చి ఆసుపత్రి పాలయ్యారని, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2018 డిసెంబరులో ప్రకటించింది. కొందరికి ఆ సూది వేసింది వెన్నులోనే. మూత తీయని సీసాల్లోనే బాక్టీరియా దొరికింది.

తర్వాత మన దేశపు నియమాలు చదివాను. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో విడుదల చేసిన మూలకణ పరిశోధన మార్గదర్శకాలవి. మామూలు వైద్యంగా అనుమతి ఉన్నది రక్తకణాలను పుట్టించే మూలకణాల మార్పిడికి, అదీ బ్లడ్ క్యాన్సర్, తలసేమియా, ఎప్లాస్టిక్ ఎనీమియా లాంటి నిర్ణీత జబ్బులకు. మిగతా దేనికైనా ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి. దాని బయట వాడడం అనైతికం, వైద్య దుష్ప్రవర్తన అని సూటిగా రాశారు. సొంత కణాలైనా ఇదే వర్తిస్తుంది. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2009 నుంచీ ప్రతి ట్రయల్‌నూ దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతికి చూసుకోవచ్చు.

బీమా సంగతీ అప్పుడే అర్థమైంది. అన్నయ్య పాలసీ కింద మేం పెట్టిన క్లెయిము తిరస్కరించారు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కంపెనీలు తప్పక చెల్లించాల్సిన ఆధునిక చికిత్సల జాబితా ఉండేది. మూలకణ చికిత్స పేరు అందులో ఉండేది గానీ, రక్త సంబంధ జబ్బుల్లో ఎముక మూలుగ మార్పిడికి మాత్రమే. నడుముకు కాదు. ఈ సంగతి మమ్మల్ని డబ్బు అడిగే ముందు చెప్పాల్సిన బాధ్యత క్లినిక్‌ది.

మార్గదర్శకాల్లోని ఆ పేజీలు ప్రింటు తీసుకుని అన్నయ్యతో కలిసి మళ్లీ వెళ్లాను. కౌన్సిలర్ ముందు కాదు, డాక్టరు బల్ల మీదే పెట్టాను. "ఇది ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వండి, మా డబ్బు వాపసు చేయండి. ట్రయల్ కాకపోతే దీనికి అనుమతి ఏదో చూపించండి" అన్నాను. ఆయన ఆ కాగితాలు చాలాసేపు చూశాడు. చివరికి రెండో డోసు అడ్వాన్సు తిరిగిచ్చారు. మొదటి డోసు డబ్బు మాత్రం ఇవ్వలేదు. బిల్లులో మూలకణాల పేరు ఎందుకు రాయరో ఆ రోజు నాకు స్పష్టమైంది. కాగితం మీద లేని చికిత్సకు ఎవరూ జవాబుదారీ కారు.

ఆ తర్వాత అన్నయ్యను నల్లగొండ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి ఫిజియోథెరపిస్టు ఎమ్మారై చూసి పక్కన పెట్టి, ముందు అతన్ని నడిపించి చూసింది, వంగమంది, కాలు ఎత్తమంది. నొప్పే లేని మనుషుల ఎమ్మారైల్లోనూ ఇలాంటి అరుగుదల కనిపిస్తుందని చెప్పింది. ఇంటికొచ్చి చూశాను, నిజమే. 3,110 మంది స్కాన్లను కలిపి 2015లో ప్రచురించిన సమీక్షలో, నొప్పి లేని 20 ఏళ్ల వాళ్లలో 37 శాతం మందికి, 50 ఏళ్ల వాళ్లలో 80 శాతం మందికి డిస్కు క్షీణత కనిపించింది. రిపోర్టులోని ఆ మాట విని అన్నయ్య మనవణ్ని ఎత్తుకోవడమే మానేశాడు!

"మరి ఆ కణాలు గుజ్జును ఎందుకు పెంచలేదమ్మా?" అని అన్నయ్య ఆమెను అడిగాడు. "డిస్కు మధ్యలోకి రక్తనాళాలు పోవు అన్నా. గాలి తక్కువ, తిండి తక్కువ. నీళ్లు లేని మడిలో నారు పోస్తే బతుకుతదా?" అంది. వ్యవసాయం తెలిసిన మనిషి కాబట్టి అన్నయ్యకు వెంటనే అర్థమైంది.

రోజూ నడక, బోర్లా పడుకుని చేసే వ్యాయామాలు, బండి సీటు ఎత్తు మార్చడం, గంటన్నరకోసారి దిగి నాలుగడుగులు వేయడం. ఆమె చెప్పినవి ఇవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుంనొప్పి మీద 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నొప్పి గురించి అవగాహన, వ్యాయామం వంటివాటినే ముందు పెట్టాయి. నడుము బెల్టులు వద్దన్నాయి. క్లినిక్ మాకు అమ్మిన బెల్టు ఇప్పటికీ బీరువా మీదే ఉంది.

అన్నయ్య నొప్పి పూర్తిగా పోలేదు. ఓర్చుకోగలిగినంతకు వచ్చింది. బండి మాత్రం నిలవలేదు. చికిత్స ఖర్చు, పనిలేని నెలల కిస్తీలు, వడ్డీ కలిసి దాన్ని అమ్మించాయి. ఇప్పుడు ఒక రైసుమిల్లులో లోడింగు చూసుకుంటున్నాడు. వదిన గాజులు విడిపించడానికి రెండు సంక్రాంతులు పట్టింది. ఆ క్లినిక్ ధరల కాగితంలో ఇవేవీ లేవు, కానీ ఆ చికిత్స అసలు ధర ఇదే.

మూలకణాల మీద నాకు గౌరవం ఉంది. ఆ పాఠం చెప్పేటప్పుడు పిల్లల కళ్లలో వెలుగు చూస్తాను. డొనాల్ థామస్ అనే వైద్యుడు 1957లో మూలుగ మార్పిడి మొదలుపెట్టినప్పుడు రోగులు బతకలేదు. తప్పెక్కడుందో వెతుకుతూ ఆయన దశాబ్దాలు పనిచేశాడు, 1990లో నోబెల్ అందుకున్నాడు. తలసేమియా పిల్లలకు ఈ రోజు మూలుగ మార్పిడితో నయమవుతోందంటే అది ఆ ఓపిక ఫలితం. రేపు నడుముకు కూడా అలాంటి చికిత్స రావచ్చు, రావాలని నేనూ కోరుకుంటాను. అది రుజువై రావాలి, ఆలోగా దాని ఖర్చు ఒక లారీ డ్రైవరు ప్రోనోటు మీద పడకూడదు.

ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరికి నడుము పట్టుకున్నా, ఆ వీడియో ఎవరు చూసినా నాకు ఫోన్ చేస్తారు. ధర ఎక్కువా తక్కువా అని నేను చెప్పను. ఆ క్లినిక్‌ను రెండు మాటలు అడగమంటాను: ఇది ప్రయోగమా, వైద్యమా? ప్రయోగమైతే నంబరు ఇమ్మనండి, ఒక్క రూపాయి కట్టకండి. వైద్యమైతే అనుమతి చూపించమనండి, బిల్లులో దాని పేరు రాయమనండి. ఈ రెండూ చేయలేనివాళ్లు లక్షా తొంభై వేలు అడిగినా, తొంభై రూపాయలు అడిగినా, లేచి వచ్చేయండి.