మంచు ఒక్కటే కాదు... నాలుగు కాలాల ఊరు!

బుధవారం వచ్చిందంటే ఆ ఊళ్లో సంత. జున్ను, తేనె, కూరగాయలు, రొట్టెలు... నడిబొడ్డునున్న పాతకాలపు రాతి మండపం చుట్టుపక్కలంతా సందడే. ఆ మండపం స్తంభాల్ని కాస్త పరికించి చూస్తే, చెక్కకుండా వదిలేసిన బుడిపెలు కనిపిస్తాయి. కూలి దగ్గర పేచీ వచ్చి శిల్పులు పనిని మధ్యలోనే ఆపేశారని స్థానికులు చెప్పుకుంటారు. శతాబ్దాలు గడిచినా ఆ అలక స్తంభాల మీద అలాగే ఉంది!

ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో, జిఫ్రె నది లోయలో ఉన్న ఆ ఊరి పేరు సమోయెన్. శీతకాలం స్కీయింగ్ కోసం వచ్చేవాళ్లకి బాగా తెలిసిన చోటు. కానీ ఈ ఊరి అందం మంచుతోనే అయిపోదు.

ఉలి పట్టిన ఊరు

కొండల మధ్య కాస్తంత పొలం ఇంటిల్లిపాదికీ తిండి పెట్టదు. అందుకే ఒకప్పుడు ఇక్కడి మగవాళ్లు రాళ్లు చెక్కే పని నేర్చుకున్నారు. వసంతం రాగానే ఉలీ సుత్తీ పట్టుకుని దూరదేశాలకు వెళ్లిపోయేవారు. పొలం, పశువులు, పిల్లలు... అన్నీ ఆడవాళ్లే చూసుకునేవారు. చలికాలానికి మళ్లీ అందరూ ఇంటికి. 1659లోనే వీళ్లకో సంఘం ఏర్పడింది. బయటివాళ్లకి అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి 'మూర్మే' అనే రహస్య భాష కూడా ఉండేది!

చర్చి దగ్గర ఓ లిండెన్ చెట్టు ఉంది. 1438లో నాటారట. మన ఊళ్లలో రచ్చబండ దగ్గరి రావిచెట్టులా ఇప్పటికీ నలుగురికీ నీడనిస్తోంది.

తోట ఇచ్చిన ఆడపడుచు

ఈ ఊరి తాపీమేస్త్రీ కూతురు మరీ లూయీజ్ జై. చిన్న వయసులోనే పారిస్ వెళ్లి దుకాణంలో పనికి కుదిరింది. భర్త ఎర్నెస్ట్ కోన్యాక్‌తో కలిసి 'లా సమారిటేన్' అనే దుకాణాన్ని పారిస్‌లోనే పేరుమోసిన వ్యాపార సంస్థగా తీర్చిదిద్దింది. అంత ఎదిగినా పుట్టిల్లు మరవలేదు. 1906లో ఊరి కొండవాలు మీద 'జైసీనియా' అనే ఉద్యానవనం కట్టించి ఇచ్చింది. ప్రపంచంలోని రకరకాల పర్వత ప్రాంతాల మొక్కలు అక్కడ వేల రకాలున్నాయి. చూడటానికి టికెట్ అక్కర్లేదు.

కాలానికో కళ

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు స్కీయింగ్. కేబుల్ కారు ఎక్కితే 'గ్రాండ్ మాసిఫ్' స్కీ మార్గాలకు చేరుకోవచ్చు. అయిదు ఊళ్లను కలిపే ఆ మార్గాల మొత్తం పొడవు 265 కిలోమీటర్లు!

మంచు కరిగే వేళకి పక్కనున్న సిక్స్ట్ ఊళ్లో మరో అద్భుతం. 'ఫేర్ ఆ షెవాల్' అంటే గుర్రపు లాడం. ఆ ఆకారంలో నిలబడిన కొండగోడల మీంచి వసంతం చివర్లో ముప్ఫైకి పైగా జలపాతాలు దూకుతాయి. వేసవిలో కొండదారుల్లో నడక, నదిలో పడవ సాహసాలు. మెడలో గంటలు కట్టుకున్న ఆవులు జూన్‌లో కొండెక్కి, చలి ముదరకముందే దిగొస్తాయి.

ఈ ప్రాంతపు జున్ను 'రెబ్లోషోన్'కీ ఓ కథ ఉంది. పూర్వం భూస్వామి మనుషులు పాలు కొలవడానికొస్తే రైతులు ఆవుల్ని పూర్తిగా పితికేవారు కాదట. వాళ్లు వెళ్లాక రెండోసారి పితికిన చిక్కటి పాలతో చేసిందే ఈ జున్ను! దీంతో బంగాళాదుంపలు కలిపి 'టార్టిఫ్లెట్' వండుతారు. అందులో పంది మాంసం వేస్తారు కాబట్టి, శాకాహారులు ముందే చెప్పాలి.

మంచు రాకపోతే..?

ఈ ఊరు ఉన్నది దాదాపు 700 మీటర్ల ఎత్తులోనే. కొండల మీద స్కీయింగ్ సాగుతున్నా, కింద పచ్చగడ్డి కనిపించే చలికాలాలూ ఉంటాయి. భూతాపం 2 డిగ్రీలు పెరిగితే, కృత్రిమ మంచు లేకుండా ఐరోపాలోని స్కీ కేంద్రాల్లో సగానికి పైగా తీవ్రమైన మంచు కొరతలో పడతాయని 2023లో ఓ అధ్యయనం తేల్చింది. అందుకే ఆల్ప్స్ ఊళ్లన్నీ ఏడాది పొడవునా అతిథుల్ని రప్పించే దారులు వెతుకుతున్నాయి.

సమోయెన్‌కి ఆ పాఠం కొత్తేం కాదు. పొలం చాలనప్పుడు ఉలి పట్టింది. ఉలికి పని తగ్గాక స్కీ కర్రలు అందుకుంది. రేపు మంచు మొహం చాటేసినా తోట ఉంది, జలపాతాలున్నాయి, బుధవారం సంత ఉంది. ఆరువందల చలికాలాలకు దగ్గరవుతున్న ఆ లిండెన్ చెట్టు ప్రతి వసంతంలోనూ చిగురిస్తూనే ఉంది!

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా జెనీవా చేరుకోవచ్చు. అక్కడి నుంచి రోడ్డు మీద గంట, గంటన్నర ప్రయాణం. రైలైతే క్లూజ్‌లో దిగి బస్సెక్కాలి. షెంజెన్ వీసా ఉంటే అటు స్విట్జర్లాండ్‌కీ ఇటు ఫ్రాన్స్‌కీ సరిపోతుంది. స్కీ సీజన్ ముగిశాక, మళ్లీ నవంబరులో చాలా హోటళ్లు కొన్నాళ్లు మూసేస్తారు. ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది.