రేపు తీసేద్దామనుకున్న లైను

సోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో టవళ్లు, చాదర్లు నేసే ఒక కార్ఖానాలో నేను కంప్యూటర్లు చూసుకుంటాను. మా తాతది గిర్నీ పని. బాపు కూడా గిర్నీలోనే ఉండి, అది మూతపడ్డాక సాంచెల మీదికి వచ్చాడు. దీపావళికి ముందు శుక్రవారం మా ఆఫీసులో జరిగిన సంగతి ఇది. తప్పు నాదే కాబట్టి రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ మన ఇళ్లల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు ఈ లైనులోకి వస్తున్నారు, వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం 2 గంటల లోపల బోనస్ ఫైలు బ్యాంకుకు పోవాలి. పోకపోతే శని, ఆదివారాలు దాటి, పండుగ అయినంక డబ్బులు. బోనస్ మీద ఎంతమంది పిల్లల బట్టలు, ఎన్ని దుకాణాల ఉద్దెర ఆధారపడి ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

పొద్దున 10:30కి పగార్ లెక్క కట్టే సర్వర్ మొండికేసింది. లెక్కలన్నీ దాచే ఇంకో మిషను ఉంది, దాని పేరు ఖజానా అని మేమే పెట్టుకున్నాం. "ఖజానా దొరకడం లేదు" అని స్క్రీన్ మీద ఒకటే మాట. అంతకు ముందు ఆదివారమే పాత ఖజానా మిషను తీసేసి కొత్తది పెట్టాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరుతో గుర్తుపట్టవు, నంబరుతో గుర్తుపడతాయి. గిర్నీలో బాపును పేరుతో కాక బిల్లా నంబరుతో పిలిచినట్టే. మనకు నంబర్లు గుర్తుండవు కాబట్టి పేర్లు పెడతాం. ఏ పేరుకు ఏ నంబరో చెప్పడానికి నేమ్ సర్వర్ అని ఒకటి ఉంటుంది. పాత ఖజానా నంబరు 192.168.1.20, కొత్తదాని నంబరు 192.168.1.45. నేమ్ సర్వర్‌లో ఆ మార్పు చేసింది మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి. వాళ్లమ్మ బీడీలు చుట్టి చదివించింది. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు, ఇంకా నాలుగో నెల.

మేనేజర్ వచ్చి అందరి ముందే ఆమె మీద అరిచాడు. నేను అడ్డుపడలేదు. నా మనసులోనూ అదే అనుమానం.

"అన్నా, నేను రెండుసార్లు చూసిన. నంబరు సరిగ్గనే పెట్టిన" అంది.

45 నంబరుకు పింగ్ కొట్టాను. జవాబు వచ్చింది. అంటే వైరు బాగుంది, మిషను బాగుంది, చిక్కు పేరు దగ్గరే. ఎన్ఎస్‌లుకప్‌తో ఖజానా నంబరు అడిగాను. 45 అని సరిగ్గానే చెప్పింది. అయినా ప్రోగ్రాం కదలదు. నేమ్ సర్వర్‌ను రెండుసార్లు ఆపి మొదలుపెట్టాను. ఏ నేమ్ సర్వర్‌ను అడగాలో రాసి ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు చూశాను, అదీ సరిగ్గానే ఉంది. 12 దాటింది. చెమటలు పడుతున్నాయి.

అప్పుడు ఆ అమ్మాయే అంది. "అన్నా, పేరుతోని పింగ్ కొట్టి సూడు, ఏ నంబరుకు పోతుందో."

కొట్టాను. మొదటి వరుసలోనే ఉంది, 192.168.1.20. ఆదివారం తీసేసిన మిషను నంబరు!

నేమ్ సర్వర్ 45 అంటుంటే, ఈ సర్వర్‌కు 20 అని ఎవరు చెప్పినట్టు? అప్పుడు తట్టింది. యూనిక్స్ సర్వర్ పేరు విని నేరుగా నేమ్ సర్వర్ దగ్గరికి పోదు. ముందు ఏది చూడాలో, తర్వాత ఏది చూడాలో ఎన్ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో వరుస రాసి ఉంటుంది. మా దాంట్లో ముందు సొంత చిట్టా, తర్వాత నేమ్ సర్వర్. ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే హోస్ట్స్ అనే ఫైలే ఆ సొంత చిట్టా. ఎన్ఎస్‌లుకప్ దాన్ని చూడదు, నేమ్ సర్వర్‌నే అడుగుతుంది. అందుకే అది నిజం చెప్పినా నాకు దారి దొరకలేదు. గెట్‌ఎంట్ హోస్ట్స్ అనే కమాండు మాత్రం ప్రోగ్రాం నడిచే దారిలోనే వెతుకుతుంది. దాన్ని అడిగితే 20 అంది.

హోస్ట్స్ ఫైలు తెరిచాను. ఖజానా, పక్కన 20. పైన ఒక వరుస: "తాత్కాలికం, రేపు తీసేయాలి." కింద నా పేరు పొడి అక్షరాలు, 2016 నాటి తేదీ.

నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది. నేమ్ సర్వర్ చెడిపోయి, రాత్రి పాళీ హాజరీ ఆగకూడదని నేనే రాశాను. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. పాత మిషను ఉన్నన్ని రోజులు ఆ నంబరు నిజమే కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు.

ఆ లైను తీసేశాను. గెట్‌ఎంట్ 45 అంది. ప్రోగ్రాం మాత్రం పాత నంబరునే పట్టుకుని కూర్చుంది, దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. 1:40కి ఫైలు బ్యాంకుకు పోయింది.

ఇక అసలు కష్టం మిగిలింది. "దొరికింది, సరైంది" అని ఊరుకుంటే ఎవరూ అడగరు. తప్పు ఆ పిల్ల మీదే ఉండిపోతుంది, రెండు నెలల తర్వాత దాని ఫలితం తేలుతుంది. మేనేజర్ గదిలోకి పోయి ఆ వరుస ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. "ఇది నా రాత, ఆమె పని సరిగ్గా ఉంది" అన్నాను. నన్ను నాలుగు మాటలు అన్నాడు, పడ్డాను. తర్వాత బయటికి వచ్చి, ఎక్కడ అరిచాడో అక్కడే నిలబడి ఆమెతో "తప్పు నీది కాదు" అన్నాడు.

రాత్రి అన్నం తింటూ బాపుకు చెప్పాను. ఆయనకు ఫైళ్లు తెలియకపోయినా సంగతి వెంటనే పట్టుకున్నాడు. గిర్నీ మూతపడ్డాక ఆయనకు రావలసిన డబ్బులు ఎనిమిది నెలలు ఆగాయి. మనం ఇంటిపేరు ముందు చెప్తాం, ఇక్కడి పద్ధతిలో అది చివరికి పోతుంది. ముస్టర్‌లో ఒక తీరు, ఫండు కాగితాల్లో ఇంకో తీరు ఉండేసరికి ఇద్దరు వేరే మనుషులన్నారు. ఆయన పొద్దున్నే లేచి తిరగని బల్ల లేదు.

"రాసినోడు ఎప్పుడో పింఛన్ తీసుకుని పోయిండు, రాత మాత్రం ఉండె" అన్నాడు బాపు. కాసేపాగి, "నీ రాతకు నువ్వు దొరికినవ్, అదే నయం" అన్నాడు.

ఈ పని నేర్చుకునే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పేరు దొరకకపోతే, జవాబు ఏ చిట్టాలోంచి వస్తుందో ముందు చూడండి. ఎవరినన్నా అనే ముందు చూడండి. మా ఆఫీసులో ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం అన్ని సర్వర్ల హోస్ట్స్ ఫైళ్లు తెరిచి చూస్తాం. చూసేది ఆ అమ్మాయే. పోయిన వారం నా పొడి అక్షరాలు ఉన్న లైను ఇంకొకటి దొరికిందట. నవ్వుకుంటూ వచ్చి చెప్పింది.