ఆమె వైపు తలుపు

రాత్రి పది దాటింది. నెల్లూరులో బంధువుల పెళ్లి చూసుకుని ఆ దంపతులు గూడూరు చేరుకున్నారు. కారు ఇంటి ముందు ఆగింది. ఆమె తన వైపు తలుపు తీసి కాలు కింద పెట్టారు. నేల అనుకున్నది కాస్తా మురుగుకాలవ గట్టు. అంతే... కాలు బెణికింది. మూడు వారాలు మంచం మీదే!

‘‘చూసుకుని దిగకూడదా?’’ అన్నారాయన.

‘‘కనబడితే కదండీ చూసుకునేది’’ అన్నారామె.

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆయన ఉద్యోగమంతా దీపాలతోనే గడిచింది. రైల్వేలో గార్డుగా చేశారు. 2022లో ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్‌గా మారింది కానీ, ఆయన అంతకుముందే రిటైరయ్యారు. బండి చివరి పెట్టెకు ఎర్రదీపం వెలుగుతోందా లేదా అన్నది రాత్రిపూట ఆయన తప్పకుండా చూడాల్సిన విషయం. ఆ దీపం కనబడితేనే బండి మొత్తం వచ్చిందనీ, దారిలో పెట్టెలేవీ విడిపోలేదనీ స్టేషన్లో వాళ్లకు తెలిసేది. అలాంటి మనిషి సొంత కార్లో దీపం సంగతి పట్టించుకోలేదు!

వెలుగుతోంది కదే!

మర్నాడు సాయంత్రం కారు తలుపు తీశారు. లోపల పైకప్పుకున్న బల్బు ఠక్కున వెలిగింది. ‘‘వెలుగుతోంది కదే!’’ అని ఇంట్లోకి కేకేశారు. సెలవులకొచ్చిన మనవడు నవ్వాడు. ‘‘తాతా, అది నీ వైపు తలుపు. అవ్వ వైపు తీసి చూడు.’’

తీశారు. వెలగలేదు.

పాత కారది. ఒక్క తాళంతో అన్ని తలుపులూ తెరుచుకునే ఏర్పాటు లేదు. ముందు ఆయన ఎక్కి తలుపు వేసుకుంటారు. లైటు ఆరిపోతుంది. తర్వాత పక్కకు వంగి ఆమె వైపు లాక్ తీస్తారు. ఆమె చీకట్లోనే ఎక్కుతారు, చీకట్లోనే దిగుతారు. ‘‘ఎన్నాళ్ల నుంచి ఇలా?’’ అని అడిగితే ‘‘నాలుగేళ్లు’’ అన్నారామె. ‘‘చెప్పలేదేం?’’ అంటే, ‘‘చెప్పాను. వెలుగుతోంది కదే అన్నారు’’ అని జవాబు!

తప్పు ఎక్కడుంది?

తాతా మనవడూ పనికి దిగారు. ఇలాంటి లైటుకు చాలా కార్లలో మూడు స్థానాలుంటాయి. ఒకటి ఎప్పుడూ వెలగడానికి, ఒకటి పూర్తిగా ఆర్పేయడానికి, మధ్యది తలుపు తీస్తే వెలగడానికి. ఎవరి చెయ్యో తగిలి మీట ఆఫ్‌లోకి జరిగిపోతే లైటు పాడైందనుకునేవాళ్లు చాలామంది. అందుకే ముందు అది చూడాలి. తర్వాత బల్బు, ఆ తర్వాత ఫ్యూజు. ఒక తలుపుకి వెలిగి ఇంకో తలుపుకి వెలగలేదంటే బల్బూ ఫ్యూజూ బాగున్నట్లే. తేడా ఆ తలుపు స్విచ్‌లోనో, దాని వైరులోనో ఉంటుంది.

తలుపు ఆనే చోట కారు బాడీకి చిన్న బొత్తాంలా ఉంటుందే, అదే స్విచ్. తలుపు మూస్తే నొక్కుకుపోతుంది, తీస్తే బయటికొచ్చి వైరును బాడీకి కలుపుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, స్క్రూ విప్పి, స్విచ్‌ను నెమ్మదిగా బయటికి లాగారు. వైరు లోపలికి జారిపోకుండా టేపు అంటించారు. చూస్తే ఏముంది... స్క్రూ చుట్టూ తుప్పు! ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే వానలు చేసిన పని. సాండ్ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది బిగించి, బ్యాటరీ తీగ కలిపారు. ఈసారి ఆమె వైపు తలుపు తీస్తే వెలిగింది.

కళ్లు చెదిరేది వద్దు

బల్బు మాత్రం గుడ్డిగా ఉంది. మనవడు ఎల్ఈడీ పెడదామన్నాడు. పాత బల్బు 10 వాట్లది. తలుపు సరిగా పడక రాత్రి పది గంటలు వెలిగితే, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 8 దాకా తాగేస్తుంది. బ్యాటరీ పాతదైతే తెల్లారి కారు స్టార్టవడం అనుమానమే. ఒక వాట్ ఎల్ఈడీకి అందులో పదో వంతు చాలు. ఈ తెల్లటి కాంతి వెనక పెద్ద కథే ఉంది. ఎర్ర ఎల్ఈడీ 1962లోనే వచ్చినా, నీలిది వచ్చాకే తెల్లటి వెలుగు సాధ్యమైంది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు.

పాత బల్బు పొడవు కొలిచి అంతే ఉన్నది తెచ్చారు. పెడితే వెలగలేదు! ఎల్ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది మరి. తిప్పి పెట్టగానే వెలిగింది. అయితే ఆ తెలుపుకి అవ్వ కళ్లు మూసుకున్నారు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు కదా! మార్చి, లేత పసుపు కాంతిది తెచ్చారు. రంగురంగుల లైట్ల పట్టీ కూడా పెడదామన్నాడు మనవడు. ‘‘రాత్రి అద్దంలో ఆ రంగులే కనబడితే రోడ్డు కనబడొద్దా?’’ అన్నారు తాత.

నెల తర్వాత ఓ రాత్రి ఇద్దరూ బయటికెళ్లి వచ్చారు. ఇంటి ముందు కారు ఆగింది. ఆమె తలుపు తీశారు. పసుపు వెలుగు కాలవ గట్టు మీద పడింది. ఆమె గట్టు దాటి కాలు పెట్టారు. అప్పటిదాకా ఆయన తన వైపు తలుపు తీయలేదు.