బొంత వద్దన్న కూతురు

కూతురి పురుటికని తెనాలి నుంచి న్యూజెర్సీ వెళ్లిన ఆవిడ సూట్‌కేసులో సున్నిపిండి, వాముపొడితో పాటు రెండు అపురూపమైన వస్తువులున్నాయి. ఒకటి, పాత నేతచీరలు కలిపి కుట్టిన బొంత. రెండోది, మనవరాలి తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి కుట్టిన దిండు.

పాప ఇంటికొచ్చిన రోజే రెండూ అలమారలోకి వెళ్లిపోయాయి. తొట్టిలో గట్టి పరుపు, దానిమీద బిగుతుగా పరిచిన దుప్పటి. అంతే. పైన కప్పడానికి గుడ్డముక్క కూడా లేదు. ఆవిడకు కళ్లనీళ్లు ఆగలేదు. పోనీ పక్కలో వేసుకుంటానన్నా కూతురు ఒప్పుకోలేదు.

'మిమ్మల్ని ఇలాగే పెంచానే, మీకేమైంది?' ఈ ప్రశ్నకు ఏ కూతురి దగ్గర మాత్రం జవాబుంటుంది!

మూడోరోజు రాత్రి పాలిచ్చాక కూతురే మెల్లగా చెప్పింది. ఏ జబ్బూ లేని పసిబిడ్డ నిద్రలోనే ప్రాణం వదిలేస్తుంది. దాన్ని 'సిడ్స్' అంటారు. ఏడాదిలోపు పిల్లలకు, అందులోనూ రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఆ ముప్పు ఎక్కువ. బ్రిటన్‌లో టీవీ వ్యాఖ్యాత యాన్ డైమండ్ నెలల కొడుకు 1991లో అలాగే పోయాడు. ఆ దుఃఖంలోనే ఆమె న్యూజిలాండ్ వెళ్లింది. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టడం మాన్పిస్తే మరణాలు తగ్గుతున్నాయని అక్కడ తెలుసుకుంది. ఆ ఏడాది చివర్లోనే బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో 'వెల్లకిలా పడుకోబెట్టండి' అన్న ప్రచారం మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి అమెరికాలో సిడ్స్ మరణాలు సగానికి తగ్గిపోయాయి.

'అంతకుముందు బోర్లా పడుకోబెట్టేవాళ్లా!' ఆవిడ ఆశ్చర్యపోయింది. డాక్టర్లే అలా చెప్పేవారు మరి. పాలు కక్కుకుంటే ఊపిరాడదని భయం. ఆ ఒక్క విషయంలో తెనాలిదే గెలుపు. కానీ మెత్తటి దిండూ బొంతా ముక్కుకు అడ్డుపడొచ్చు. ఒళ్లు మరీ వేడెక్కినా ప్రమాదమే. పాప పెద్దవాళ్ల గదిలోనే ఉండాలి, పక్కలో మాత్రం కాదు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఈ కూతురికి ముందు ఒక మగబిడ్డ. మూడోనెలలో ఒక తెల్లవారుజామున లేవలేదు. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు.

'బొంత కప్పాను... అందువల్లేనంటావా?'

'ఎవరూ చెప్పలేరమ్మా. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి జరుగుతుందట. నీ తప్పు కాదు.'

ఆ రాత్రి నుంచి ఆవిడ తన పరుపు తొట్టి పక్కనే నేలమీద వేసుకుంది. నెల తర్వాత వచ్చిన తాతగారి సిగరెట్ పెట్టె సంగతి కూడా ఆవిడే చూసుకుంది. పొగ పసిబిడ్డకు ఎంత ముప్పో ఆయనకు వినిపించేదాకా వదల్లేదు.

బొంత మాత్రం వృథా పోలేదు. పగలు పాప మెలకువగా ఉన్నప్పుడు హాల్లో పరిచి, కాసేపు బోర్లా వేసి, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేది. మెడ నిలవడానికి అది మంచిదని డాక్టరే చెప్పారు. ఐదోనెలలో ఆ బొంత మీదే పాప తనంతట తాను బోర్లా పడింది. ఇంకేముంది, ఇంట్లో బొబ్బట్లు! పక్కింటి అమెరికన్లకూ నాలుగు పంపారు.

ఆ రాత్రి అమ్మమ్మే పాపను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, బొంత మడిచి అలమారలో పెట్టింది.