పొగ వేరు, పట్టు వేరు

సిగరెట్టు మనిషిని పట్టుకునేది నికోటిన్‌తో, చంపేది పొగతో. ఈ రెంటినీ ఒకటిగా భావించడం మనలో చాలామందికి అలవాటు. కాన్సరుకూ, ఊపిరితిత్తుల వ్యాధులకూ ప్రధాన కారణం ఆకు కాలినప్పుడు పుట్టే తారూ, విషపదార్థాలూ. నికోటిన్ నిరపాయకరమని కాదు. కాని దాని ముఖ్యమైన పని మనిషిని మళ్ళీ మళ్ళీ ఆ పొగ దగ్గరకు రప్పించడం.

మా పెదనాన్నగారు ఏటా ఉగాదినాడు సిగరెట్లు మానేవారు. పదిరోజులు గడిచేవి కావు. చివరికి "లైట్" అన్న పేరుగల రకానికి మారి కొంత ఊరట పొందారు. ఆ ఊరటకు ఆధారం లేదు. అటువంటి సిగరెట్లలో ఆకులోని నికోటిన్ దాదాపు మామూలుగానే ఉండేది. ఫిల్టరు చుట్టూ కంటికానని రంధ్రాలుండేవి. పరీక్షించే యంత్రం పీల్చినప్పుడు వాటిగుండా గాలి కలిసి అంకెలు తగ్గేవి. మనిషి యంత్రం కాడు. చాలినంత నికోటిన్ అందకపోతే మరింత గాఢంగా పీలుస్తాడు; తెలియకుండానే వేళ్ళతో ఆ రంధ్రాలను మూస్తాడు.

అందువల్ల నికోటిన్ తగ్గింపు అన్న మాట వినగానే నాకు సందేహమే కలుగుతుంది. అయితే 1994లో అమెరికా శాస్త్రజ్ఞులు బెనోవిట్జ్, హెన్నింగ్‌ఫీల్డ్ చేసిన సూచన వేరు. తగ్గించవలసింది యంత్రం చూపే అంకెను కాదు, ఆకులోని నికోటిన్‌నే. అదీ వ్యసనం ఏర్పడలేనంతగా. అప్పుడు ఎంత గాఢంగా పీల్చినా దొరికేది స్వల్పమే. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో 840 మందికి ఆరువారాలపాటు వేర్వేరు మోతాదుల సిగరెట్లిచ్చారు. గ్రాముకు 15.8 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నవి అందుకున్నవారు చివరకు రోజుకు సగటున 21 సిగరెట్లు కాలుస్తుంటే, 0.4 మిల్లీగ్రాములున్నవి అందుకున్నవారు 15 దగ్గర ఆగారు.

అమెరికాలో 2009 నాటి చట్టం ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు నికోటిన్‌ను తగ్గించే అధికారమిచ్చింది. పూర్తిగా తొలగించే అధికారం మాత్రం ఇవ్వలేదు. 2025 జనవరిలో ఆ సంస్థ గ్రాముకు 0.7 మిల్లీగ్రాముల పరిమితిని ప్రతిపాదించింది. న్యూజీలాండు 2022లో ఇటువంటి చట్టమే చేసి, నికోటిన్ పరిమితి అమలుకు రాకముందే 2024లో దానిని రద్దు చేసుకుంది.

చిక్కులు లేకపోలేదు. నికోటిన్ తగ్గినంతమాత్రాన పొగలోని విషం తగ్గదు. తగ్గిందనుకుని నిశ్చింతగా కాల్చేవారికి ఇది మరొక "లైట్" అవుతుంది. దొంగసరుకు పెరగవచ్చు. మన దేశంలో సిగరెట్లకన్నా బీడీలు కాల్చేవారే ఎక్కువ కనుక, సిగరెట్లకు మాత్రమే పరిమితమైన నియమం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు.

అయినా ఈ ఆలోచన నాకు విలువైనదిగానే తోస్తుంది. పొగతాగేవారిలో అధికభాగం ఇరవై ఏళ్ళు నిండకముందే మొదలుపెట్టినవారు. కుతూహలంకొద్దీ మొదటి సిగరెట్టు వెలిగించే కుర్రవాణ్ణి ఏ చట్టమూ పూర్తిగా ఆపలేదు. ఆ కుతూహలం తీరిన తరువాత వాడు దానిని పారవేసి తన దారిన తాను పోగలగాలి. పొగతాగే స్వేచ్ఛ గురించి వాదించేవారున్నారు. మానుకోగలగడం కూడా స్వేచ్ఛే గదా!