145 గుర్రాలిచ్చి 120 తెచ్చుకున్నా!

గత నెల నా అబార్త్ పుంటో అమ్మేసి, హ్యుందయ్ ఐ20 ఎన్ లైన్ తీసుకున్నా. మాన్యువలే లెండి! 145 హార్స్‌పవర్ వదిలేసి 120తో సరిపెట్టుకుంటావా అని ఫ్రెండ్స్ ఒకటే గోల. ఫియట్ 2019లోనే ఇక్కడ అమ్మకాలు ఆపేసింది కాబట్టి, అలాంటి కారు మళ్లీ కొత్తది దొరకదు కూడా.

అబార్త్‌లో 1.4 టర్బో ఇంజిన్ 2 వేల ఆర్‌పీఎం దాకా బద్ధకంగా ఉంటుంది. దాటిందంటే వీపు సీటుకి అతుక్కోవాల్సిందే. స్టీరింగ్ బరువే కానీ, టైరు కింద ఏముందో అరచేతికి తెలిసిపోతుంది. గట్టి సస్పెన్షన్. ఓఆర్‌ఆర్ మీద పండగే. మా కాలనీ స్పీడ్‌బ్రేకర్ల మీద మాత్రం అడక్కండి.

నడుము ఆపరేషన్ అయ్యాక నాన్న చెకప్‌లకి క్యాబ్‌లో వెళ్తున్నారు. ‘నీకెందుకురా లీవు’ అనేవారు. నా కారు కుదుపులకి నడుం పట్టేస్తోందని అమ్మ చెప్పింది.

ఐ20ది లీటరు ఇంజిన్, మూడే సిలిండర్లు. క్లచ్ తేలిక, గుంతల్లో అబార్త్‌లా విసిరెయ్యదు. వంద దాటినా తెలీదు. నాకు నచ్చనిదీ అదే. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ముభావంగా ఉంటుంది.

మొన్న చెకప్‌కి నాన్న నా పక్కనే కూర్చున్నారు. మెహదీపట్నం దాటేసరికి నిద్రపోయారు.