రన్నీమీడ్‌లో పీవీ నాటిన చెట్టు

రాజాం నుంచి చుట్టాలెవరొచ్చినా విండ్సర్ కోట చూపించాక దగ్గర్లోని రన్నీమీడ్‌కి తీసుకెళ్తాను. "ఇక్కడేటుంది బాబూ, ఉత్త పచ్చికే కదా!" అంటారు. థేమ్స్ ఒడ్డున మైదానం, చిన్న స్మారక మండపం, ఆ చేరువలోనే ఒక ఓక్ చెట్టు. అక్కడి పలక మీద పి.వి. నరసింహారావు పేరు కనబడగానే మాత్రం అందరూ ఆగిపోతారు. 1994 మార్చి 16న ప్రధానిగా ఆయన నాటిన చెట్టు అది. అంతకు చాలా ముందు, 1962 నుంచి 1967 దాకా, ఆయన మన రాష్ట్ర న్యాయశాఖ చూసిన మంత్రి.

ఈ మైదానం కథ ఇంగ్లండ్ రాజు జాన్‌తో మొదలవుతుంది. ఆయన 1199లో గద్దెనెక్కాడు. 1204లో నార్మండీ చేజారింది. దాన్ని తిరిగి రాబట్టుకోవాలని ప్రభువులను పన్నులతో పీల్చాడు. ఆయనకు బాకీపడ్డ విలియం ద బ్రియూజ్ పారిపోతే, అతని భార్యనూ పెద్ద కొడుకునూ చెరలో పెట్టించాడు. తిండిలేక ఇద్దరూ అక్కడే చనిపోయారు. విచారణ లేదు, తీర్పు లేదు. 1215 జూన్ 15న ప్రభువులు ఈ మైదానంలో రాజును ఒప్పించిన మాగ్నా కార్టాలో 39వ నిబంధన చదివినప్పుడల్లా నాకు ఆ తల్లీకొడుకులే గుర్తొస్తారు. సాటివారి తీర్పో, దేశ చట్టమో లేకుండా స్వతంత్రుడెవరినీ పట్టుకోకూడదు, బంధించకూడదు అంటుందది. న్యాయాన్ని అమ్మం, కాదనం, జాప్యం చేయం అంటుంది 40వది.

పది వారాలకే పోప్ దాన్ని రద్దు చేశాడు. మరుసటి ఏడు జాన్ పోయాడు. తొమ్మిదేళ్ల కొడుకు హెన్రీ పేరిట పెద్దలు దాన్ని మళ్లీ ప్రకటించారు. 1297లో శాసనాల్లోకెక్కిన ఆ రెండు నిబంధనలు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. మన రాజ్యాంగంలోని 21వ అధికరణంలోనూ ఆ ఆలోచనే ఉంది. అయితే భూస్వామికి కట్టుబడి బతికిన ఆనాటి రైతులకు ఆ రక్ష దక్కలేదు.

అక్కడే నాకు పార్వతీపురం కొండలు గుర్తొస్తాయి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవాళ్లను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది కోర్టు నిందితులను వదిలేసింది. ఆ నవంబర్‌లోనే గిరిజనుల సాయుధ పోరాటం రాజుకుంది. దాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. 1970 జూలైలో పోలీసు తూటాలకు చనిపోయారు. ఎదురుకాల్పులన్నారు. తుపాకీ దారి నాకు సమ్మతం కాదు. కానీ ఆ దారి పట్టినవాడి చావుకు కూడా ప్రభుత్వం లెక్క చెప్పాల్సిందే. అలా చెప్పించలేని చట్టం కోరన్న ఇంటికీ అక్కరకు రాదు.

ఎదురుకాల్పుల్లో ఎవరు చనిపోయినా ఎఫ్‌ఐఆర్ రాయాలని, స్వతంత్ర దర్యాప్తు జరగాలని సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలిచ్చింది. అప్పటికి మాస్టార్లు పోయి 44 ఏళ్లు.